ఫోటో వాడారంటూ నోటీసు వస్తే ఏం చేయాలి?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో వెబ్‌సైటు బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా నూలు ధర, సబ్సిడీ, హాస్టలు సీట్లు, పెళ్ళి సంబంధాలు, ఇవే మాటలు. ఈసారి మమ్మల్ని వేరే సంగతి చెప్పమన్నారు. కారణముంది. ఈ మధ్య అనుబంధ సంఘాల నుంచి మాకు వచ్చే ఫోన్లలో ఒకే రకం ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, మా వెబ్‌సైటులో ఏదో ఫోటో పెట్టామంట. డబ్బు కట్టమని ఇంగ్లీషులో లెటరొచ్చింది. ఏం చేయాలె?"

ఆ ఉత్తరాలు కొన్ని మేము చూశాం. రూపం దాదాపు ఒకటే. మీ వెబ్‌సైటులో ఫలానా పేజీలో ఫలానా ఫోటో ఉంది. దాని హక్కు మా క్లయింటుది. మీరు లైసెన్సు తీసుకున్నట్టు మా రికార్డుల్లో లేదు. ఇన్ని రోజుల్లో ఇంత మొత్తం కట్టండి, లేదంటే చట్టప్రకారం చర్య. కింద మన పేజీ స్క్రీన్‌షాట్. ఇంత పెద్ద ఇంటర్నెట్‌లో మన చిన్న సంఘం పేజీ వాళ్ళ కంట ఎలా పడిందని ఆశ్చర్యపోతారు. మనుషులు వెతకరండీ, సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. ఒక ఫోటో ఎక్కడెక్కడ ఉందో రాత్రింబగళ్ళు పోల్చి చూసే ప్రోగ్రాములున్నాయి. ఫోటోను కత్తిరించినా, రంగు మార్చినా పట్టుకుంటాయి.

మేము వకీళ్ళం కాదు. వకీలు దగ్గరికి పోవాల్సి వస్తే ఖాళీ చేతులతో, గాభరాతో పోకుండా ఉండటానికి కావలసినంత మాత్రం చెప్తాం.

ఒక సంఘం సంగతి చెప్తే మీకు సులువుగా అర్థమవుతుంది. ఊరు పేరు అవసరం లేదు. వాళ్ళ వెబ్‌సైటు తెరవగానే పైన ఒక ఫోటో ఉండేది. గుంటమగ్గంలో కూర్చుని నాడె విసురుతున్న ఒక పెద్దావిడ. వెలుతురు పక్క కిటికీలోంచి పడుతుంటుంది. మంచి ఫోటో. ఆమె ఆ ఊరి మనిషే, సంఘం సభ్యుల ఇంటావిడే. ఎన్నడో ఒకాయన కెమెరా తీసుకుని వచ్చి, ఆ వీధిలో రెండు రోజులుండి, చాయ్ తాగి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె మనుమడికి ఇంటర్నెట్‌లో ఆ ఫోటో కనబడింది. "ఇది మా అవ్వ!" అని సంబరపడి సంఘానికి పంపాడు. వెబ్‌సైటు చూసే అబ్బాయి దాన్ని ముందు పేజీలో పెట్టాడు. చాలా రోజులకు ఉత్తరం వచ్చింది. ఐదంకెల మొత్తం.

సంఘం ఆఫీసులో ఆ సాయంత్రం మూడు రకాల మాటలు. ఒక పెద్దాయన, "ఇట్లాంటివి బోలెడొస్తయి, చింపి పారేయండి" అన్నారు. కోశాధికారి గారు, "కేసు గీసు మనకెందుకు, కట్టేద్దాం" అన్నారు. కుర్రవాళ్ళు, "వాళ్ళ మీదే మనం కేసు వేద్దాం" అన్నారు. ఆ మనుమడు మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు. "మగ్గం మాది, చీర మాది, ఇల్లు మాది, అందులో కూర్చున్నది మా అవ్వ. ఆమె ఫోటోకు మేం డబ్బు కట్టాల్నా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ చట్టం చెప్పే జవాబు మనకు నచ్చేది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషి. అందులో కనబడే మనిషి కాదు. ఫోటోలోని చీర ఎవరు నేశారన్నది ఆ లెక్కలోకి రాదు. తన బొమ్మను ఎక్కడ ఎలా వాడుతున్నారని అడిగే హక్కులు అవ్వకు వేరే ఉండవచ్చు, అవి గోప్యత కిందికి వస్తాయి. కాపీరైటు మాత్రం కెమెరా పట్టుకున్నవాడిది.

దీనికొక మినహాయింపు ఉంది. అది మన వృత్తిలోవాళ్ళకు చెప్పనవసరం లేకుండానే అర్థమవుతుంది. సావుకారు నూలిచ్చి కూలికి నేయిస్తే దిగిన చీర ఎవరిది? సావుకారుదే కదా. 17వ సెక్షను ఫోటోల విషయంలో దాదాపు అదే మాట చెప్తుంది. మనం డబ్బిచ్చి ఫోటోలు తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు మనదే. మన సభకు స్టూడియో అతన్ని పిలిపించి, బిల్లు కట్టి తీయించిన ఫోటోలు ఈ కోవలోవి. అందుకే ఆ బిల్లు పారేయకండి. మీరనుకునేదానికన్నా విలువైన కాగితం అది. అలా కాకుండా ఎవరో తనంత తాను వచ్చి తీసుకుంటే, ఆ ఫోటో మనకు వాట్సాప్‌లో పంపినా సరే, హక్కు అతనిదే. పంపడం వేరు, వెబ్‌సైటులో పెట్టుకోండని ఒప్పుకోవడం వేరు.

ఇక మనవాళ్ళు అమాయకంగా చెప్పే జవాబులు కొన్ని ఉన్నాయి, అవి నిలబడవు. "గూగుల్‌లో దొరికింది" అంటారు. గూగుల్ చూపిస్తుంది, ఇవ్వదు. "దాని మీద కాపీరైటు గుర్తు లేదు" అంటారు. మన దేశంలో కాపీరైటుకు గుర్తూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఫోటో తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. "మాది ధర్మసంస్థ, లాభం లేదు" అంటారు. మొత్తం తగ్గించమని అడగడానికి ఆ మాట బాగా పనికొస్తుంది, కానీ తప్పించుకోవడానికి సరిపోదు. 52వ సెక్షనులో సొంత చదువుకు, విమర్శకు, సమీక్షకు, వర్తమాన విషయాల వార్తకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది. సంఘం ముందు పేజీకి అలంకారంగా పెట్టడం వీటిలో దేని కిందికీ తేలిగ్గా రాదు.

దేవుళ్ళ బొమ్మల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మార్కండేయ మహర్షి బొమ్మ, చౌడేశ్వరి అమ్మవారి బొమ్మ లేని సంఘం పేజీ ఉండదు. దేవుడు అందరివాడే. బొమ్మ గీసిన చేయి ఒకరిది. చిత్రాలకు హక్కు గీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. రాజా రవివర్మ 1906లో పోయారు కాబట్టి ఆయన చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. కోవిల్‌పట్టిలో ఉంటూ శివకాశి క్యాలెండర్లకు ఎన్నో దేవతల బొమ్మలు వేసిన కొండయ్య రాజు 1976లో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన బొమ్మలకు 2036 ఆఖరు దాకా గడువుంది. ఇంట్లో గోడకున్న క్యాలెండరును ఫోటో తీసి వెబ్‌సైటులో పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. మన పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్ళున్నారు. వాళ్ళతో వేయించి, రాయించుకుని పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు. ఫోటోలకు కూడా 2012 సవరణ తర్వాత ఇదే గడువు వర్తిస్తోంది.

సరే, ఉత్తరం వచ్చింది. అది కోర్టు తీర్పు కాదు. చింపి పారేసే కాగితమూ కాదు. ఒకరు మన మీద బాకీ ఉందని చెప్తున్నారు, అంతే. ఎవరైనా వచ్చి "మీ నాయన నాకు బాకీ" అంటే ఏం చేస్తాం? పత్రం చూపించమంటాం. లెక్క చెప్పమంటాం. ఉంటే కడతాం. ఇక్కడా అదే వరుస.

మొదట అది నిజమైన ఉత్తరమేనా చూడాలి. ఫోటో కాపీరైటు పేరు చెప్పి మోసం చేసే ఈమెయిళ్ళు చాలా తిరుగుతున్నాయి. "మీరు దొంగిలించిన ఫోటోల జాబితా ఈ లింకులో ఉంది" అంటారు. లింకు నొక్కితే కంప్యూటరులోకి వైరస్ వస్తుంది. నిజంగా హక్కున్నవాడు ఏ పేజీలో ఏ ఫోటో అన్నది ఉత్తరంలోనే చెప్తాడు. లింకు నొక్కకండి, అటాచ్‌మెంటు తెరవకండి. ఆ సంస్థ పేరు విడిగా వెతికి, వాళ్ళ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకో చిరునామాకో రాసి, ఈ ఉత్తరం మీరు పంపిందేనా అని అడగండి.

రెండోది, వెంటనే ఫోన్ ఎత్తి "సారూ తప్పయింది, ఎంత కట్టాలి" అనకండి. మన మర్యాద మనల్ని అలా అనిపిస్తుంది. ఆ ఒక్క మాట తర్వాత బేరానికి జాగా ఉండదు. అలాగని అబద్ధమూ చెప్పొద్దు. "మేము పెట్టనే లేదు" అంటే వాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది, పాత పేజీలను దాచిపెట్టే ఆర్కైవులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఏ మాటైనా రాతలోనే, ఒక్క మనిషి ద్వారానే పోవాలి. అధ్యక్షులొకటి, కార్యదర్శొకటి, వెబ్‌సైటు అబ్బాయొకటి చెప్తే పని చెడుతుంది.

మూడోది, ఫోటో తీసేయండి. తీసేముందు ఆ పేజీ ఎలా ఉందో, ఎప్పుడు పెట్టారో మనమూ ఒక కాపీ దాచుకోవాలి. తీయడమంటే పేజీలోంచి తీస్తే సరిపోదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సర్వరులో అప్‌లోడ్ చేసిన ఫైలు అలాగే ఉండిపోతుంది, నేరుగా దాని చిరునామా కొడితే తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్ళీ పట్టుకుంటుంది. మీడియా ఫోల్డరులోంచి, చిన్న సైజు కాపీలతో సహా తొలగించమని వెబ్‌సైటు అబ్బాయికి చెప్పండి. తీసేస్తే ఒప్పుకున్నట్టవుతుందేమోనని భయపడేవాళ్ళున్నారు. అవదు. ఉత్తరం అందాక కూడా ఉంచితేనే నష్టం, ఎందుకంటే ఇక తెలియదని చెప్పే వీలు పోతుంది. తీసేసినంత మాత్రాన వాడిన కాలానికి అడిగే హక్కు వాళ్ళకు పోదు, అదీ గుర్తుండాలి.

ఆ తర్వాత అసలు పని, ఆ ఫోటో మన దగ్గరికి ఎలా వచ్చిందో ఆరా తీయడం. వెబ్‌సైటు అబ్బాయిని తిట్టకండి దయచేసి. చాలాచోట్ల వాడు మన తమ్ముడి కొడుకో, మేనల్లుడో. జీతం లేకుండా చేస్తున్నాడు. నింపాదిగా అడగండి. సభ్యుడే తీసిందైతే అసలు ఫైలు అతని ఫోనులో ఉంటుంది, తేదీతో సహా. అది దొరికితే ఉత్తరమే తప్పు. వెబ్‌సైటును డబ్బిచ్చి ఎవరితోనో చేయించుకుని ఉంటే, అతను ఫోటో కొన్న రసీదు అడగండి. కొన్నాడు కానీ లైసెన్సు అతని పేరు మీదే ఉంది, మనకు బదిలీ కాదు అనే చిక్కు కూడా వస్తుంది. పేజీ మన పేరు మీద ఉంది కాబట్టి ఉత్తరం మనకే వస్తుంది. అతని నుంచి రాబట్టుకోవడం మన పని. ఇకముందు వెబ్‌సైటు చేయించేటప్పుడు "ఫోటోల బాధ్యత నాది" అని ఒక వాక్యం రాయించుకుంటే చాలు.

ఇంకొకటి, వికీమీడియా కామన్స్ వంటి చోట్ల ఉచితంగా వాడుకోమని పెట్టిన ఫోటోలు. క్రియేటివ్ కామన్స్ అంటారు. ఉచితమే, కానీ చాలావాటికి షరతుంది. తీసినవారి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు వేయాలి. వేయకపోతే ఇచ్చిన అనుమతి రద్దవుతుంది. 4.0 అనే తాజా లైసెన్సులో ఒక వెసులుబాటు ఉంది. తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే అనుమతి తిరిగి దానంతటదే వస్తుంది. పాత 2.0 లైసెన్సులో అది లేదు. పేరు వేయలేదన్న కారణంతో డబ్బు అడిగే ఉత్తరాలు ఎక్కువగా ఆ పాతవాటి మీదే వస్తుంటాయి. అందుకే ఏ ఫోటో ఏ లైసెన్సు కిందిదో నంబరుతో సహా రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు జవాబు. మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియానో. నోటీసు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. సగం భయం ఆ భాష వల్లనే. జవాబు పొడుగ్గా ఉండనక్కర్లేదు. పైన చెప్పిన సంఘం తరఫున పోయిన జవాబు తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"మీ ఉత్తరం ఫలానా తేదీన అందింది. మా హక్కులకు భంగం లేకుండా ఈ జవాబు ఇస్తున్నాం. విషయం విచారిస్తున్నాం, ఈలోగా ఆ ఫోటోను తొలగించాం. ఫోటో తీసినవారు ఎవరు, హక్కు మీకు ఎలా వచ్చింది, దానికి రాతపూర్వక పత్రం ఏది, మీరు అడిగిన మొత్తం ఎలా లెక్కకట్టారు, ఇదే ఫోటోను ఇదే పరిమాణంలో వెబ్‌సైటుకు మామూలుగా ఏ ధరకు ఇస్తారు, దయచేసి తెలపండి. అవి అందాక మా సమాధానం పంపుతాం."

ఇంతే. ఇందులో ఒప్పుకోలూ లేదు, ధిక్కారమూ లేదు. పత్రం అడగడం వెనక గట్టి కారణం ఉంది. కాపీరైటు బదలాయింపు రాతలో ఉండాలని 19వ సెక్షను చెప్తుంది. ఫోటోలు అమ్మే ఏజెన్సీలన్నింటికీ దావా వేసే హక్కు ఉండదు. హక్కుదారుడో, అతని నుంచి ప్రత్యేక లైసెన్సు, అంటే తనకు తప్ప ఇంకెవరికీ ఇవ్వని లైసెన్సు పొందినవాడో వేయాలి. పదిమంది ఏజెంట్లలో ఒకడికి ఆ అధికారం లేదు. అందుకని పత్రం చూడకుండా పైసా కదల్చొద్దు.

మొత్తం సంగతి. కొన్ని ఉత్తరాల్లో ఒక్క ఫోటోకు లక్షా యాభై వేల డాలర్ల దాకా అని బెదిరిస్తారు. ఆ అంకె అమెరికా చట్టంలోది, అదీ తెలిసి చేసిన ఉల్లంఘనకు అక్కడి కోర్టు వేయగల గరిష్ఠం. మన చట్టంలో ఫోటోకింత అని ముందే కట్టిన రేటు లేదు. నష్టం ఎంతో, లాభం ఎంతో కోర్టు తేల్చాలి. 55వ సెక్షను ఇంకో మాట చెప్తుంది. కాపీరైటు ఉందని తెలియదని, అలా అనుకోవడానికి తగిన కారణమూ లేదని ప్రతివాది రుజువు చేస్తే, ఆపమనే ఉత్తర్వు, వచ్చిన లాభంలో వాటా తప్ప ఇంకేమీ ఇప్పించరు. దీన్ని నమ్ముకుని నిద్రపోకండి, "ఇంటర్నెట్‌లో దొరికింది" అంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. కానీ బేరంలో మన పక్కన ఉండే మాట అది. మరొకటి, నష్టపరిహారం దావాకు గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 ఏళ్ళు. ఫోటో ఎప్పుడు పెట్టాం, ఎప్పుడు తీశాం అన్న తేదీలు అందుకే దాచమంటున్నాం.

జైలు మాట చదివి రక్తపోటు పెంచుకున్నవాళ్ళున్నారు. 63వ సెక్షనులో 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నమాట నిజం. అది తెలిసి ఉల్లంఘించినవారికి. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే అధికారం కోర్టుకుంది. ఉత్తరంలో ఆ సెక్షను రాసినంత మాత్రాన పోలీసులు బయలుదేరినట్టు కాదు. పైగా ఆధారం లేకుండా ఊరికే బెదిరిస్తే, ఆ బెదిరింపులు ఆపించమని మనమే దావా వేసే వీలు 60వ సెక్షను ఇస్తుంది. కుర్రవాళ్ళు అన్న మాట చట్టంలో ఉందన్నమాట. అయితే అవతలివాడికి నిజంగా హక్కుంటే అది పనికిరాదు. అవ్వ ఫోటో విషయంలో పనికొచ్చేదీ కాదు.

ఆ సంఘానికి తిరుగు జవాబుతో పాటు పత్రాలు వచ్చాయి. ఫోటో తీసినాయన పేరు, ఏజెన్సీతో ఒప్పందం, అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు సంఘం వాళ్ళు అలాంటి ఫోటోలు వెబ్‌సైటుకు ఏ ధరకు అమ్ముతున్నారో నాలుగుచోట్ల చూసి, ఆ ధరను ఆధారం చేసుకుని ఒక మొత్తం చెప్పారు. రెండు మూడు ఉత్తరాలు నడిచాయి. కుదిరిన మొత్తం మొదట అడిగినదానిలో చిన్న భాగమే. కట్టేముందు రాయించుకున్నది ముఖ్యం. ఇప్పటిదాకా జరిగిన వాడకం అంతటికీ ఈ చెల్లింపుతో సరి, ఇక ఏ దావా ఉండదు, ఇకముందు ఆ ఫోటోను తీసినవారి పేరుతో ఆ ఒక్క పేజీలో ఉంచుకోవచ్చు. బిల్లు తీసుకుని, సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే కట్టారు. ఆ మనుమడు అడిగించిన ఇంకో కోరిక కూడా ఒప్పందంలో చేరింది. ఇంటికి ఒక పెద్ద ప్రింటు. అది వచ్చింది. డబ్బు కట్టినందుకు అతనికి ఇప్పటికీ కోపమే. ఆ కోపం తప్పని మేము అనం.

కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం ఇదంతా పక్కన పెట్టి అదే రోజు వకీలును కలవండి. దానికి రోజుల లెక్క ఉంటుంది. ఇంట్లో కూర్చుని చీరలు అమ్ముకునే అక్కలకు ఒక మాట. ఉచిత న్యాయసహాయం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా దొరుకుతుంది, 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా న్యాయసేవల సంస్థకు వెళ్ళవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. అలాగే ఇంకో షాపు పేజీలోంచి మోడల్ ఫోటో తీసుకుని "ఇదే చీర మా దగ్గర" అని పెట్టడం మానుకోండి. అది వ్యాపార వాడకం, అక్కడ తెలియదన్న మాటకు బలం తక్కువ. మీ చీరను మీ గుమ్మం ముందు, పొద్దుటి ఎండలో, మీ కోడలో కూతురో కట్టుకుని నిలబడితే వచ్చే ఫోటో మీ సొంతం. కొనేవాళ్ళు కూడా దాన్నే నమ్ముతారు.

ఇప్పటిదాకా ఉత్తరం మనకు వస్తే అన్నాం. మనమే పంపాల్సిన ఉత్తరాలున్నాయండీ. మన చీరల ఫోటోలు, మనం తీసినవి, ఎంతమంది ఆన్‌లైన్ వ్యాపారులు ఎత్తుకుపోయి మరమగ్గం సరుకుకు అంటిస్తున్నారు! చేనేత చీర ఫోటో చూపించి సాంచా చీర పంపుతున్నారు. తిట్టుకుని ఊరుకుంటున్నాం. పైన చెప్పిన చట్టమే అక్కడ మన చేతిలో ఉంది. అసలు ఫైలు దాచుకోండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కాదు, ఫోనులోనో కెమెరాలోనో పడిన మొదటి ఫైలు. అమ్మకపు వేదికలన్నింటికీ కాపీరైటు ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. మీ ఫోటో, మీ అసలు ఫైలు, ఎత్తుకుపోయిన పేజీ చిరునామా, ఈ మూడూ ఇస్తే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

డిజైను సంగతి దీనికి పూర్తిగా వేరు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫోటో హక్కు ఫోటోకే. అంచు మీద మీరు కొత్తగా వేసిన బుటా ఇంకొకరు నేయకుండా అది ఆపదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషను కావాలి. 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్ళు రక్షణ. షరతు ఏమిటంటే, దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైను ఎక్కడా బయటపడి ఉండకూడదు. మనవాళ్ళేం చేస్తున్నారు? మగ్గం మీదినుంచి దిగకముందే స్టేటస్‌లో పెడుతున్నారు. పెట్టిన రోజే ఆ డిజైను కొత్తదనం పోయినట్టు. జాకార్డు అట్టలు కొట్టించేముందు, స్టేటస్ పెట్టేముందు, రిజిస్ట్రేషను చేయించాలా వద్దా అన్నది ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. సోలాపూర్ చాదర్, మొలకాల్మూరు చీర, కాంచీపురం పట్టు, బరంపురం పట్టు, వీటికి భౌగోళిక గుర్తింపు ఉంది. అది పేరును కాపాడుతుంది. ఫోటోనూ, ఒక్కొక్కరి డిజైనునూ కాదు.

కెమెరా పట్టుకుని మన వీధుల్లోకి వచ్చేవాళ్ళు ఇంకా వస్తారు. రానివ్వండి, చాయ్ ఇవ్వండి. మగ్గం దగ్గర కూర్చునేముందు ఒక్క కాగితం మీద సంతకం తీసుకోండి. "ఈ ఇంట్లో తీసిన ఫోటోలను ఈ కుటుంబం, వారి సంఘం పేరు వేసి ఉచితంగా వాడుకోవచ్చు, కాపీలు పంపుతాను" అని రెండు వాక్యాలు. కాగితం లేకపోతే ఆ మాటలే వాట్సాప్‌లో రాసి పంపమనండి, రాతకు అదీ పనికొస్తుంది. మన సమాఖ్య ఈ కాగితాన్ని తెలుగు, మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా, ఇంగ్లీషుల్లో తయారుచేసింది. ఇందాక చదివిన జవాబు నమూనా ఇంగ్లీషులో దాని వెనక పేజీలో ఉంది. ఈ డిజిటల్ సంచికలో వేసిన ప్రతి ఫోటోకూ తీసినవారి అనుమతి మా దగ్గర ఫైలులో ఉంది, పేరు ఫోటో కిందే ఉంది. తలుపు పక్కన బల్ల మీద కాగితాలు పెట్టాం, సంఘానికో కట్ట తీసుకెళ్ళండి. ఉత్తరాలు వచ్చి ఉన్నవాళ్ళు వాటిని తెచ్చి ఉంటే భోజనాల తర్వాత ఇక్కడే కూర్చుందాం, ఒక్కొక్కటీ చూద్దాం.